బ్యాలెన్స్ నాబ్ మీది నల్ల టేపు

మా ఇంట్లో ఆంప్లిఫయర్‌ను ముట్టుకునే హక్కు బాపు ఒక్కడికే ఉండేది. పొయ్యి మీద అవ్వకు, అంటే మా అమ్మకు, ఎంత అధికారమో, దాని మీద బాపుకు అంత. కాకపోతే అవ్వ అప్పుడప్పుడు మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ మాది. బాపు గనిలో హాలేజీ నడిపేవాడు. అంటే బొగ్గు నిండిన టబ్బులను ఉక్కుతాడుతో పైకి గుంజే యంత్రం. గంట ఎన్నిసార్లు మోగితే గుంజాలి, ఎన్నిసార్లు మోగితే ఆపాలి అన్నది తప్పితే కింద మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆ భయభక్తులను ఆయన గని దగ్గరే వదిలిపెట్టి వచ్చి ఉంటే మా బాల్యం కొంచెం సాఫీగా గడిచేది. ఆంప్లిఫయర్ పెట్టాలంటే ముందు వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాలి. తర్వాత పవర్. లోపల ఎక్కడో ‘టక్’ మని చప్పుడయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అప్పుడు సెలెక్టర్‌ను టేప్ మీదికి తెచ్చి, క్యాసెట్ వేసి, వాల్యూమ్‌ను తాడు తెగుతుందేమో అన్నంత నిదానంగా పెంచాలి. బాస్, ట్రెబుల్ కొన్ననాడు ఎక్కడ నిలిపాడో అక్కడే ఉండిపోయాయి. లౌడ్‌నెస్ అనే బటన్‌ను ఒకసారి నొక్కితే షెల్ఫు మీది స్టీలు గ్లాసులు కదిలాయి. దాన్ని మళ్లీ నొక్కినవాడు లేడు.

ఇక మిగిలింది రెండు స్పీకర్లలో ఏది ఎంత పలకాలో నిర్ణయించే బ్యాలెన్స్ నాబ్. దాని కథ వేరు.

మా ఎడమ స్పీకర్ పక్కింటివాళ్లతో ఉమ్మడిగా ఉన్న గోడను ఆనుకొని ఉండేది. గోడకు అవతల పక్కింటాయన నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునేవాడు. మా క్వార్టర్ల లైనులో ఎవరికి ఏ వారం ఏ షిఫ్టో అందరికీ నోటికి వచ్చు. నైట్ షిఫ్ట్ ఉన్న ఇంటి దగ్గర ఆడవాళ్లు కారం దంచరు, పిల్లలు గోటీలు ఆడరు. పక్కింటాయన ఒక్కనాడూ వచ్చి అడగలేదు. అడిగేదాకా ఆగడం మర్యాద కాదని బాపే బ్యాలెన్స్‌ను కుడివైపు ఆఖరి దాకా తిప్పి, మేం కదపకుండా దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టాడు. ఎడమ స్పీకర్ మూగబోయింది.

నేనప్పుడు ఆరో తరగతి. మరి ఆ స్పీకర్‌లో వచ్చే పాట ఏమవుతుందని అడిగాను.

“ఎటు వోతది బిడ్డా? టబ్బును ఇటు గుంజితే బొగ్గు అటే ఉంటదా? అంత ఇటే వస్తది” అన్నాడు బాపు.

నాకు నచ్చింది. తర్వాత డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, ఇప్పుడు ఇంటర్ పిల్లలకు అదే చెబుతున్నాను. మధ్యలో ఎప్పుడూ ఆ జవాబును తిరిగి పరిశీలించే అవసరం రాలేదు. కరీంనగర్ హాస్టల్‌లో స్నేహితురాలి ఇయర్‌ఫోన్లలో నాకు తెలిసిన పాటలే వింటే అందులో అదనంగా వయొలిన్లు ఉన్నాయి. పాటను కొత్తగా మళ్లీ చేశారనుకున్నాను. సైన్స్ విద్యార్థిని కదా, కారణం వెంటనే దొరికింది.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా మెథడిస్టు చర్చిలో పాటలు పాడే బృందం, క్వాయర్, తమ పాటలతో ఒక క్యాసెట్ చేయించింది. బాపు అందులో పాడేవాడు. అందులోని ఒక పాటలో మూడో చరణం రెండో లైను ఆయన ఒక్కడిదే. ఆ ఒక్క లైనును స్నానంలో, సైకిల్ మీద, హాలేజీ దగ్గర రెండు నెలలు సాధన చేశాడు. మా క్వార్టర్ల లైనులో హిందువులకూ ముసల్మానులకూ కూడా అది కంఠతా వచ్చింది. కరీంనగర్‌లో గోడలకు బొంతలు వేలాడదీసిన ఒక గదిలో రికార్డింగ్. రెండు మైకుల ముందు అందరూ అర్ధచంద్రంలా నిలబడ్డారట, బాపు ఎడమ చివర.

క్యాసెట్ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మేమంతా చాప మీద కూర్చున్నాం. బాపు వరుసగా అన్నీ తిప్పాడు. మొదటి చరణం, రెండో చరణం బాగున్నాయి. మూడోదాంట్లో మొదటి లైను అందరూ కలిసి పాడారు. రెండో లైను రాగానే హార్మోనియం ఒక్కటే వినపడింది. దాని వెనక, వీధి చివర ఎవరో ఎవరినో పిలిచినట్టు ఒక గొంతు. మూడో లైనుకు మళ్లీ అందరూ వచ్చేశారు. బాపు వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాడు. తర్వాత వాల్యూమ్ తగ్గించి, పవర్ ఆపి, క్యాసెట్‌ను కవర్లో పెట్టాడు.

“నాది కోసిండ్రు” అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆయన క్వాయర్‌లో నిలబడలేదు. క్వాయర్ మాస్టర్, రిటైరైన స్కూలు టీచర్, ఇంటికొచ్చి కారణం అడిగితే గొంతు బాగాలేదని చెప్పి చాయ్ పోశాడు. చర్చిలో ఒకరిద్దరు నీ లైను మస్తు వచ్చిందని మెచ్చుకుంటే, ఎగతాళి చేస్తున్నారని వాళ్లతో మాట్లాడటం తగ్గించాడు. మెచ్చుకున్నవాళ్లందరి మీదా కోపం పెంచుకోవడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. స్త్రీల కూడికలో ఎవరో చిన్న టేప్‌రికార్డర్‌లో ఆ క్యాసెట్ పెడితే అవ్వ విని వచ్చింది.

“ఉన్నదయ్యా నీ గొంతు. నా చెవులతోని ఇన్న.”

“నన్ను సముదాయించకు. మన సెట్టుల రానిది ఆళ్ల డబ్బల వస్తదా?”

అవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నాకు బాపు మాటే నిజమనిపించింది. క్వార్టర్ల లైను మొత్తంలో అంత పెద్ద సెట్టు మాకే ఉంది మరి. బాపు చర్చికి మాత్రం మానలేదు. చివరి బెంచీలో కూర్చొని, ఆ పాట వచ్చినప్పుడు తన లైనును అక్కడి నుంచే పాడేవాడు. క్వాయర్ కంటే కాస్త ముందుగా.

బాపు రిటైరయ్యాక కాలనీ బయట సొంత ఇల్లు కట్టుకున్నాం. నాలుగు పక్కలా ఖాళీ స్థలం, ఉమ్మడి గోడ లేదు, నైట్ షిఫ్ట్ లేదు. టేపు మాత్రం నాబ్‌ను వదల్లేదు. కిందటేడు ఎండాకాలం సెలవుల్లో నేను వెళ్లేసరికి వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది. లోపల దుమ్ము పోయేందుకు కొట్టే స్ప్రే ఒకటి తీసుకెళ్లాను. నాబ్‌లన్నీ పీకి, స్ప్రే కొట్టి, అటూ ఇటూ బాగా తిప్పాలి. బాపు పక్కన కుర్చీ వేసుకొని పర్యవేక్షణకు కూర్చున్నాడు. బ్యాలెన్స్ దగ్గరికి వచ్చేసరికి టేపు జిగురై నా వేళ్లకు అంటుకుంది. నేను దాన్ని విప్పుతుంటే ఆయన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. నేను తిప్పడం అయ్యాక నాబ్‌ను మధ్యలో, అది చిన్నగా పట్టుకున్నట్టయ్యే చోట వదిలేశాను.

పరీక్షించడానికి క్యాసెట్ కావాలి. పెట్టెలోవన్నీ బూజు పట్టాయి. బాగున్నది ఒక్కటే, ఆ ఒక్క ఆదివారం తప్ప మళ్లీ పెట్టని క్వాయర్ క్యాసెట్. అవ్వ దాన్నే తెచ్చి నా చేతిలో పెట్టింది. బాపు తల పక్కకు తిప్పుకున్నాడు కానీ కుర్చీలోంచి లేవలేదు.

ఎడమ స్పీకర్ మాట్లాడింది. అవ్వ అటువైపు చూసింది, చెప్పకుండా చుట్టం వచ్చినట్టు. ఎన్నడూ వినని తబలా ఒకటి అందులోంచి వస్తోంది. మూడో చరణం మొదటి లైను అయింది. అంతలో ఎడమ స్పీకర్‌లోంచి బాపు గొంతు, ఇరవై ఏళ్లు చిన్నది, నిండుగా, హార్మోనియం కంటే అర అడుగు ముందు.

చరణం అయిపోయింది.

“తొందర అప్పటిసంది ఉన్నదన్నట్టు” అంది అవ్వ.

బాపు లేచి వచ్చి నన్ను పక్కకు జరిపాడు. క్యాసెట్ వెనక్కి తిప్పి, బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తెచ్చి విన్నాడు. ఆయన ఉన్నాడు. కుడికి తిప్పి విన్నాడు. లేడు. మళ్లీ ఎడమకు. మిగతావాళ్ల చిన్న టేప్‌రికార్డర్లలో రెండు వైపులవీ ఒకే స్పీకర్‌లోంచి వస్తాయని, అందుకే చర్చి మొత్తం విన్నది మనం ఒక్కళ్లమే వినలేదని నేను ఆలస్యంగా వివరించాను. ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి కొంచెం వివరంగానే. బాపు వినలేదనుకుంటాను.

“ఇన్నేండ్లు గాయన్ను మనసుల తిట్టుకున్న” అన్నాడు నెమ్మదిగా. క్వాయర్ మాస్టర్ గురించి.

పోయి చెప్పమంది అవ్వ. దానికి నాలుగు రోజులు పట్టింది. ఒకరోజు ఎండ అన్నాడు, ఒకరోజు చెప్పులు తెగాయన్నాడు. ఐదో రోజు నేనే స్కూటీ మీద తీసుకెళ్లాను. మాస్టర్‌కు ఇప్పుడు ఎనభై దాటాయి, వరండాలో కూర్చొని ఉన్నాడు. బాపు దారంతా తయారు చేసుకున్నది ఏమిటో నాకు తెలియదు కానీ, నోటి నుంచి వచ్చింది ఇది.

“మా ఆంప్లిఫయర్ జర ఖరాబుండె మాస్టర్.”

“ఎప్పటిసంది?”

“ఇరవై ఏండ్లసంది.”

మాస్టర్ నవ్వలేదు.

“బాగు చేయించుకోరాదు మరి?”

“ఖరాబున్నదని తెల్వలే” అన్నాడు బాపు, నేల వైపు చూస్తూ. “మీరు కోసిండ్రనుకున్న.”

“నేనెందుకు కోస్త? ఆ లైను నీకిచ్చిందే నేను.”

చాయ్ వచ్చింది. ఇద్దరూ తాగారు. మేం లేచేటప్పుడు మాస్టర్ అన్నాడు: “ఆదివారం వచ్చి నిలబడు. కానీ గీసారి హార్మోనియం ఇన్నంక అందుకో.”

ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని క్వాయర్ వరుసలో నిలబడ్డాడు. అవ్వ, నేను మూడో బెంచీలో. మాస్టర్ ముందు బెంచీలో, చేతికర్ర మీద గడ్డం ఆనించుకొని. హార్మోనియం దగ్గర ఇప్పుడు కాలేజీకి వెళ్లే అమ్మాయి ఉంది, ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు. మూడో చరణం మొదటి లైను అయింది. ఆ అమ్మాయి వేళ్లు హార్మోనియం మెట్ల మీదికి ఇంకా పూర్తిగా దిగలేదు, బాపు అందుకున్నాడు. ఆమె ఉలిక్కిపడి మాస్టర్ వైపు చూసింది. మాస్టర్ తల ఎత్తకుండానే పోనీ పోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ అమ్మాయి రెండు మెట్లు వదిలేసి బాపు వెంట పరుగు తీసింది.