లాక్ తియ్యని ఫోను

సిద్దిపేట నుంచి కొండపాకకు ఆటో నడిపే ఆడమనిషి మెహరాజ్ బేగం ఒక్కతే. భర్త అజ్మత్‌కు నడుము పడిపోయాక అతను నడిపే బండిని తనే తీసింది. మొదటి రోజు స్టాండులో నలుగురు డ్రైవర్లు అడ్డంగా నిలబడ్డారు.

"ఆడోళ్లకు గీడ లైను లేదు, ఇంటికి పో" అన్నాడు వాళ్లలో పెద్దవాడు కర్ణాకర్.

మెహరాజ్ బండిని నేరుగా ఠాణాకు తిప్పింది.

"లైసెన్సు సర్కారిచ్చింది సార్. నడపద్దని వీళ్లంటున్రు. ఎవరి మాట నడుస్తది?"

ఎస్సై లేచి స్టాండుకు వచ్చాడు. ఆమె బండిలోకి మొదటి బేరం ఎక్కేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆ తర్వాత ఆమెనెవరూ ఆపలేదు.

ఏడేళ్లు గడిచాయి. ఆ ఎస్సై బదిలీ మీద వెళ్లిపోయి, కొత్తాయన వచ్చాడు. మొన్న ఎండాకాలంలో ఊళ్లో ఏదో గొడవ జరిగిందని రోడ్ల మీద తనిఖీలు పెట్టారు. మెహరాజ్ కాగితాలన్నీ ఇచ్చింది, సీటు ఎత్తి చూపించింది. కానిస్టేబుల్ హరీశ్‌కు అది చాలలేదు.

"ఫోన్ లాక్ తీసి ఇయ్యమ్మా. ఎవరికేం మెసేజులు పంపినవో చూడాలె."

"గది ఇయ్య."

వెనక సీట్లోని రాములవ్వకు కంగారు పుట్టింది. "ఇచ్చెయ్ బిడ్డా, దాసుకునేదేముంది?"

"ఏం లేదవ్వా. నీ ఇంట్ల దొంగసొత్తు లేదు, అయినా తొవ్వల పోయేటోళ్లను వంటింట్లకు రానిస్తవా?"

మాటలు విని కొత్త ఎస్సై దగ్గరికొచ్చాడు. "ఇయ్యకుంటే నీ మీదనే అనుమానమొస్తదమ్మా."

"వస్తే రాసుకోన్రి సార్. నా పేరు, బండి నంబరు, ఎందుకనుమానమో గూడ రాయున్రి. కింద సంతకం పెడ్త."

ఎస్సై పుస్తకం తెరిచాడు. పేరు రాశాడు, నంబరు రాశాడు. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది.

"మా డ్యూటీ మమ్ముల చేసుకోనియ్యవా?" అన్నాడు, ఈసారి కాస్త మెత్తగా.

"మీ డ్యూటీతోనే నేను రోడ్డెక్కిన సార్. నాకెవడన్న అడ్డమొస్తే మళ్ల మీ తానికే వస్త. మీరే అడ్డమొస్తే ఎవరి తానికి పోవాలె?"

పక్కన బైకు మీదున్న డిగ్రీ పిల్లలు పోలీసులకు చూపిద్దామని తీసిన ఫోన్లను మళ్లీ జేబుల్లో పెట్టుకున్నారు. ఎస్సై అది చూశాడు. రాసిన రెండు ముక్కలూ కొట్టేసి, ఆమె కాగితాలు ఆమెకిచ్చాడు.

"బండ్లు చూడు, కాగితాలు చూడు. ఫోన్ల జోలికి పోకు" అని హరీశ్‌తో అందరికీ వినపడేలా చెప్పాడు.

ఆటో ఊరు దాటాక రాములవ్వ ముందుకు వంగి అడిగింది. "బిడ్డా, నీకు భయం కాలేదా?"

"ఎందుకు కాలేదవ్వా? ఊరు దాటినా ఇంకా ఫస్టు గేర్లనే ఉన్న సూడు" అని మెహరాజ్ గట్టిగా నవ్వి, గేరు మార్చింది.