పెనుకొండ పసరు

ధర్మవరంలో మా ఇంటిది పట్టునూలుకు రంగులద్దే పని. స్నానాల గది బండల మీద ఎప్పుడూ ఎరుపో వంకాయ రంగో పారుతూనే ఉంటుంది. అందుకే నా మూత్రం ఎర్రగా వస్తున్నా చాలా రోజులు రంగునీళ్లే అనుకున్నాను. కళ్లు పచ్చబడ్డాక ఇంటిల్లిపాదీ కామెర్లని తేల్చేశారు. కామెర్లకు ఆస్పత్రిలో మందు ఉండదని మావాళ్ల నమ్మకం. అమ్మ నన్ను పెనుకొండకు తీసుకుపోయి పసరు పోయించింది.

ఆ వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. మురిగిన ఆకు, మేకపాలు, పోసేవాడి గోళ్లలోని మట్టి, అన్నీ కలిపి పరగడుపునే మింగాలి. పైగా ఉప్పు లేని పథ్యం. మొహం ఉబ్బింది, కాళ్లు వాచాయి. మందు పట్టిందనడానికి అదే గుర్తని అతగాడు చెబితే చుట్టాలందరూ తలలూపారు. వాళ్లదేం పోయింది?

చివరికి నాయన నన్ను హిందూపురంలో ఒక డాక్టరమ్మకు చూపించాడు. ఆమె రక్తపరీక్ష చేయించి, ఇవి కామెర్లు కావంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగిందని, ఎర్రకణాలు ముక్కలై కిడ్నీలు పాడవుతున్నాయని, అరుదైన జబ్బని చెప్పి ఆ పూటే బెంగళూరుకు పంపింది. అక్కడ నా రక్తంలోని ప్లాస్మా తీసేసి దాతలది ఎక్కించారు. స్టెరాయిడ్ మాత్రలకు మొహం బూరెలా పొంగింది. అద్దం చూసుకోవాలంటేనే రోత. అయినా కిడ్నీలు దారిలో పడ్డాయి. ఇంకోసారి దెబ్బతింటే డయాలసిస్ తప్పకపోవచ్చని, నాటుమందు ముట్టొద్దని మరీ మరీ చెప్పి పంపారు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మళ్లీ పెరిగింది. పాత జబ్బు తిరగబెట్టిన గుర్తులు రక్తంలో లేవు. ఏం తింటున్నావని హిందూపురం డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. మాత్రలు తప్పలేదని, బయటి తిండి తినలేదని చెప్పాను. పక్కనే కూర్చున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మజ్జిగలో రవ్వంత పసరు కలుపుతాండా," అంది. "ఆ మాత్రల వేడికి విరుగుడుగా ఉంటాదని."

నాకు అక్కడే వాంతయింది. అమ్మ కొంగుతో నా మూతి తుడవబోతే ఆ చేతిని నెట్టేశాను. కన్నతల్లి మీద అసహ్యం పుట్టింది. అది ఇంకా పోలేదు.

డయాలసిస్ అయితే తప్పింది గానీ కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి. ఇప్పుడు నా వంట నేనే చేసుకుంటున్నాను. నేను తినే వేళకు అమ్మ వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడుతుంది.

"రవ్వంత మజ్జిగన్నా పోసేదా?" అని అడుగుతుంది.

నేను చెయ్యి అడ్డం పెడతాను.