బజ్జీల పొట్లంలో వచ్చిన మామిడి సలహా

ఇవాళ హనుమాన్ జంక్షన్‌లో మిరపకాయ బజ్జీలు కొని, ముందు పొట్లం కాగితం చదివాను. పాత అలవాటు.

మన చిన్నప్పుడు వ్యవసాయ అధికారులు పెట్టే మామిడి రైతుల మీటింగులన్నీ ఊళ్లో పెద్ద రైతు గారి వరండాలోనే జరిగేవి, గుర్తుందా? ఎకరం తోటున్న మా నాన్నకి కబురే వచ్చేది కాదు. ఆయనకి పురుగుమందుల కొట్టాయనే శాస్త్రవేత్త.

ఓ ఏడు "పూత నిండుగా ఉందిగా, కొట్టెయ్యండి" అన్నాడు కొట్టాయన. నాన్న మందు కొట్టేశాడు.

వారం తిరిగాక, ఆ వరండాలో మిగిలిన కరపత్రం బజ్జీలు మోసుకుంటూ మా ఇంటికి విచ్చేసింది. నేను పైకి చదివాను: "నిండు పూత మీద మందు కొట్టరాదు. తేనెటీగలు చస్తాయి, పిందె పడదు."

"బజ్జీలు పోయినవారమే తేవాల్సిందిరా" అన్నాడు నాన్న. ఆ ఏడు మా తోటలో కాయ లేదు.

ఇప్పుడు సలహాలన్నీ వాట్సాప్ గ్రూపులోనట. నాన్నది బటన్ ఫోను. అధికారులకు మనవి: మా కాపీ నేరుగా బజ్జీల బండికే పంపండి. ఈసారైనా పూతకి ముందు.