బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి పరీక్ష

పొద్దున్నే మా వీధి మలుపులో పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగుతుంది. ఆగేటప్పుడు దాని బ్రేకులు బుస్సుమంటాయి. ఆ చప్పుడు వినగానే, నేను సోఫాలో కాఫీ తాగుతున్నా సరే, నా కుడికాలు లేని బ్రేకును నేలకేసి తొక్కుతుంది. పదకొండేళ్ళుగా తొక్కుతూనే ఉంది. కార్పెట్‌లో అక్కడ పడిన గుంటలో బాతులు ఈదవచ్చు. "ఇంకో రెండేళ్ళు తొక్కండి, నీళ్ళు పడతాయి" అంటుంది మా ఆవిడ రమ. ఆ బుస్సు వినబడినప్పుడల్లా నాకు ప్రభాకరం గారు గుర్తొస్తారు. గుర్తురావడం కూడా కాదు, వచ్చి పక్క సీట్లో కూర్చుంటారు.

ఆయన పరిచయం 2004లో, అమెరికాలో అర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. నాలాంటి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లందరం ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. ఆ ఊళ్ళో కారు లేనివాడు ఉప్పు ప్యాకెట్టుకి కూడా ఎవరో ఒకరి గడ్డం పట్టుకోవాలి. ప్రభాకరం గారు మా పైవాటాలో ఉండే సునీత గారి నాన్నగారు. మా జిల్లావారే. ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చారు. గవర్నమెంటులో ఏదో ఆఫీసరుగా రిటైరయ్యారని తెలుసు గానీ, ఆ 'ఏదో' ఏమిటో ఎవరం అడగలేదు. ఆదివారం సునీత గారి హాల్లో తెలుగు ప్రార్థన జరిగేది. మిగతా ఆరు రోజులూ ఆయన అల్లుడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మా జిల్లా వార్తలు చదివేవారు. అందులోనూ రోడ్డు ప్రమాదాలే.

"రాజకీయాలు చదవరా అంకుల్?" అని ఒకసారి అడిగాను.

"వాటిని చదివేవాళ్ళు చాలామంది ఉన్నార్లే అబ్బాయ్" అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ చాలామందిలో నేను చక్రవర్తిని. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే శనివారం పాట్‌లక్‌లలో బిర్యానీకి ముందు ఒకసారి, గులాబ్‌జామూన్ తర్వాత ఒకసారి భారతదేశాన్ని అవినీతి నుంచి కడిగి ఆరేసేవాణ్ణి. నా గొంతుకి పక్క రాష్ట్రం మిసోరీలో ఆవులు బెదిరేవని మిత్రులు చెప్పుకునేవారు. "సిస్టమ్ మొత్తం కుళ్ళిపోయిందండీ!" అని నేను చెయ్యెత్తగానే ప్రభాకరం గారు పేపరు ప్లేటు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. నా ఉపన్యాసం చప్పగా ఉందేమోనని ఇంకాస్త కారం కలిపేవాణ్ణి.

అప్పటికి రమకు ఏడో నెల. పురిటికి ఆస్పత్రి పక్క ఊళ్ళో. అంచేత వారం క్రితమే పాత కారు ఒకటి కొన్నాను. ఇండియా లైసెన్సు జేబులో ఉంది. నాకు డ్రైవింగ్ రాదన్న సంగతి రమకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ప్రభాకరం గారిని ఇండియన్ షాపుకి తీసుకెళుతున్నాను. ముందు స్కూలు బస్సు ఆగింది. ఎర్ర లైట్లు వెలిగాయి, పక్క నుంచి స్టాప్ బోర్డు చెయ్యి చాచింది. ఆ బోర్డు చూస్తే ఇక్కడ అంబులెన్సు కూడా ఆగుతుందని ఆ ఊళ్ళో పిల్లులకు సైతం తెలుసు. నేను మాత్రం మనూళ్ళో ఆర్టీసీ బస్సుని దాటినట్టు హారన్ కొట్టి, పక్కనుంచి దూసుకుపోయాను. బస్సు ముందు నుంచి ఎర్ర బూట్లు వేసుకున్న చిన్నపిల్ల ఒకతె రోడ్డు మీదికి వచ్చింది.

నా కాలు ఏం చేసిందో నాకు తెలియదు. ప్రభాకరం గారి చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్రేకు లాగింది. కారు కీచుమని అడ్డం తిరిగి ఆగింది. అబద్ధాలు కలిపి చెప్పడం నాకు అలవాటే గానీ ఇది మాత్రం కొలిచినట్టు చెబుతాను: మధ్యలో ఉన్నది మూరెడు దూరం. ఆ పిల్ల బానెట్ మీద చెయ్యి పెట్టి నన్ను చూసింది. ఏడవలేదు. అలా చూసింది, అంతే.

బస్సు డ్రైవరమ్మ తిట్లు, పోలీసు, కోర్టు చీటీ అన్నీ అయ్యాక ప్రభాకరం గారు కారుని పక్కన పార్కింగ్ లాట్‌లో పెట్టించారు.

"నీకు లైసెన్సు ఎవడిచ్చాడు?"

అప్పుడు కూడా నా హాస్యం చావలేదు. "మన దేశం కదంకుల్! బ్రోకర్ చేతిలో కవరు పెట్టాను. టెస్టు రోజు నేను హైదరాబాద్‌లో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాను. నిద్రలో డ్రైవ్ చేసి పాసైన మొనగాణ్ణి. ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎవడో గానీ..."

"ఇలా ఇవ్వు."

ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నారు. కార్డుని దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా చూశారు. కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టారు.

"ఈ సంతకం నాది" అన్నారు.

ఇలాంటిది సినిమాలో చూపిస్తే టికెట్టు డబ్బులు వెనక్కి అడిగే రకాన్ని నేను. ఆ పూట మాత్రం, దేశాన్ని కడగడానికి వేల సార్లు ఎత్తిన చెయ్యి స్టీరింగ్ మీద చచ్చుబడి ఉంది. ఎందుకంటే ఆ కార్డు మీద సంతకం ఆయనదే గానీ ఫొటో నాది.

"ఇలా ఎంతమందికి అంకుల్?" అన్నాను.

"లెక్క ఉంటే బావుండేది. యాక్సిడెంటు వార్తలో డ్రైవరు పేరు వేస్తారు చూడు, అది చదువుతాను. ఏ పేరూ గుర్తుండదు. ప్రతి పేరూ తెలిసినట్టే ఉంటుంది."

మర్నాటి నుంచి నాకు పరీక్షలు మొదలయ్యాయి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని సుద్దముక్కతో పెద్ద ఎనిమిది గీసేవారు. దాని చుట్టూ నీళ్ళు పోసిన పెరుగు డబ్బాలు కాపలా. నేను వంకర తిరిగి, వెనక్కొచ్చి, చెమటతో అర్కన్సా నదికి వరద తెచ్చేవాణ్ణి.

"ఫెయిల్."

"డబ్బా ఒక్కటీ తగల్లేదు కదంకుల్!"

"అద్దం చూశావా?"

ఇక్కడి లైసెన్సు టెస్టు పాసయ్యాను. ఆయన దగ్గర ఫెయిల్. జూలైలో నొప్పులు పడుతున్న రమను ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. ముందు సీట్లో ప్రభాకరం గారు. స్కూళ్ళు మూసిన రోజుల్లో కూడా బడి ముందు వేగం తగ్గించాను. గుమ్మం ముందు ఆపగానే వెనక నుంచి రమ, "ఇప్పటికైనా ఈయన్ని పాస్ చేయండంకుల్, నేను చచ్చిపోతున్నాను!" అని అరిచింది.

"నువ్వు ముందు దిగమ్మా" అని, నా వైపు తిరిగి, "ఇండికేటరు వెయ్యలేదు. ఫెయిల్" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కణ్ణీ ఫెయిల్ చెయ్యలేదు అబ్బాయ్. నువ్వే మొదటివాడివి" అన్నారు. నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అంత గౌరవం ఇచ్చినవారు ఇంకొకరు లేరు.

అక్టోబరులో ఆయన్ను ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. "ఇవాళైనా పాసా?" అంటే నవ్వి, "నువ్వింకా ఇల్లు చేరాలిగా" అని లోపలికి వెళ్ళిపోయారు. మూడో రోజు ఇండియా నుంచి ఫోను.

"ఆ రోజు ఇల్లు చేరావా?"

"చేరానంకుల్."

"దారిలో ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"లేదంకుల్."

"అయితే ఆ రోజుకి పాస్."

"ఆ ఒక్క రోజుకేనా?"

"అంతకంటే ఎక్కువకి సంతకం పెట్టను. ఒకసారి పెట్టాను, చాలు."

ఆయన పోయి నాలుగేళ్ళయింది. పాట్‌లక్‌లలో దేశం ప్రస్తావన వస్తే ఇప్పుడు నేనే ప్లేటు పట్టుకుని బాల్కనీలోకి వెళుతున్నాను. ఆ పాత కార్డు నా పర్సులోనే ఉంది. ప్రతి సాయంత్రం ఇంటి ముందు ఇంజిన్ ఆపి, వెంటనే దిగకుండా ఒక్క నిమిషం కూర్చుంటాను. ఎర్ర బూట్లు ఎక్కడైనా కనిపించాయా అని దారంతా ఒకసారి వెనక్కి తలుచుకుంటాను. పక్క సీటు వైపు చూస్తాను. ఆ తర్వాతే తలుపు తీస్తాను.