బాబాయి చూసిన బావురుపిల్లి

కొన్నేళ్ళుగా ఒక అబద్ధం నాతో పాటే లేస్తోంది, నాతో పాటే పడుకుంటోంది. పెద్దదేమీ కాదు, రెండు ముక్కలు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది చల్లపల్లి దగ్గర ఊరు. మా ఆయన పోయాక పొలం నా మీద పడింది. పొలమంటే సగం పల్లమే. మురుగుకాలువ పక్కన మనిషెత్తు జమ్ము పెరిగి ఉండేది. మిగతా సగంలో వరి వేస్తే ముంపుకి కుళ్ళిపోయేది. జమ్ము తీయించి చేపల చెరువు తవ్వించుకుంటే తప్ప బతకలేననుకున్నాను. అప్పట్లో నాకు తోడు మా నాన్న తమ్ముడు, బాబాయి ఒక్కడే. రోజూ సైకిలు మీద వచ్చి పొలం చూసి వెళ్ళేవాడు.

ఒకరోజు పొద్దున్నే గట్టు మీంచే కేకేస్తూ వచ్చాడు. “అమ్మడూ, బావురుపిల్లిని చూశానే! నీళ్ళలోకి దూకి చేపని పట్టింది. వెనకాల రెండు కూనలు. నా చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇన్నాళ్ళకి!”

నేను ఆశ్చర్యపోయినట్టు నటించాను. ఎందుకంటే నేను అప్పటికే చూశాను. ఊరపిల్లికి రెండింతలుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లమచ్చలు, పొట్టి తోక. తడి ఒళ్ళు విదిలించుకుని, నా వైపు ఒకసారి చూసి, తొందరేమీ లేనట్టు జమ్ములోకి వెళ్ళిపోయింది.

బాబాయి సంబరం ఊరంతా పాకింది. విజయవాడ నుంచి, అడవి జంతువుల మీద పనిచేసే ఒక అమ్మాయి వెతుక్కుంటూ మా ఇంటికొచ్చింది. ఈ చుట్టుపక్కల అవి కనపడక చాలా కాలమైందట. సముద్రం దగ్గరి మడ అడవుల నుంచి కాలువల వెంట తిరిగొస్తున్నాయేమోనని ఆమె ఆశ.

“నిజంగా కూనలుంటే, అవి కాస్త ఎదిగేదాకా జమ్ము తీయించకుండా ఆగుతారా అండీ?” అంది.

ఎంత మర్యాదగా అడిగిందో. నాకు మాత్రం ఇంకేదో వినిపించింది. ఫారెస్టు వాళ్ళొస్తారు, బోర్డు పెడతారు, ఇక నా నేల నాది కాదు. ఆమె అలా అనలేదు. నా భయం అంది.

“మా బాబాయికి చూపు సరిగ్గా ఆనదండీ,” అన్నాను. “ఊరపిల్లిని చూసి ఉంటాడు.”

బాబాయి అక్కడే కుర్చీలో ఉన్నాడు. నా వైపు తిరిగాడు. కోపం కాదు. సందేహం.

“అంతేనంటావా అమ్మడూ?”

“అంతే బాబాయ్.”

“అయితే అంతేనేమోనమ్మా,” అన్నాడు ఆ అమ్మాయితో.

ఆ వారంలోనే జమ్ముకి నిప్పు పెట్టించాను. పిల్లి కాలువ దాటి పరుగెత్తడం చూశాను. దాని వెనక ఏమీ పరుగెత్తలేదు. మంట చల్లారాక బూడిదలో రెండు కూనలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చెరువు తవ్వే పొక్లెయిన్ రాకముందే నేనే మట్టి కప్పాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ బాబాయి నా మాట నమ్మాడు. విజయవాడ వెళ్ళి కళ్ళు చూపించుకున్నాడు. బాగానే ఉన్నాయన్నారట. “వాళ్ళలాగే అంటారు గానీ, నువ్వు అబద్ధం చెబుతావా ఏంటి?” అన్నాడు. సైకిలు తొక్కడం మానేశాడు. ఎదురుగా వస్తున్నది ఎవరో పక్కవాళ్ళని అడిగి నిర్ధారించుకునేవాడు. వీధి అరుగు దాటడమే తగ్గిపోయింది. ఆయన చూపు పోలేదు, చూపు మీద నమ్మకం పోయింది. నోరు విప్పితే ఒక్క నిమిషం పని. ఎందుకు విప్పలేదు? ఆయన నన్ను అసహ్యించుకుంటాడనా? అసహ్యించుకోడని తెలుసు. అదే భరించలేననుకున్నానా? తేల్చుకోకముందే ఆయన పోయాడు.

ఇప్పుడు బావురుపిల్లులు మా చెరువు గట్ల మీదికే వస్తున్నాయి. కెమెరాలు పెట్టుకోమని అందరికంటే ముందు ఒప్పుకున్నది నేనే. ఉచ్చులు పెట్టొద్దని, విషం కలపొద్దని పక్క రైతుల్ని బతిమాలుతుంటాను. మంచి మనసంటారు. అది మంచితనమో, మట్టి మీద ఇంకో పొర మట్టో, నాకే తెలియదు.

మొన్న ఆ అమ్మాయే మళ్ళీ వచ్చి, తల్లీ కూనలున్న ఫొటో చూపించింది. “అప్పట్లో మీ ఊళ్ళో లేవనుకున్నాం కదండీ,” అంది నవ్వుతూ. చెప్పేశాను. నిప్పు సంగతీ, బాబాయి సంగతీ, అన్నీ.

చేతిలో కాఫీ కింద పెట్టేసింది. “ఏ చోటండీ?” అని మాత్రం అడిగింది. తీసుకెళ్ళాను. అక్కడ ఇప్పుడు నిండా నీళ్ళే. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పర్లేదని అనలేదు. అననందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

ఇంటికొచ్చి అన్నం పెట్టుకున్నాను. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. తింటున్నంతసేపూ సిగ్గేసింది. అయినా తిన్నాను.