సెలూన్‌లోకి వచ్చిన లారీ

మా వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అనేవాళ్ళు. కత్తెర చేతిలో ఉన్నంతసేపూ ఆయన నోరు మూతపడేది కాదు. ప్రభుత్వం ఎప్పుడు పడిపోతుందో, ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో, జుట్టు ఎందుకు ఊడుతుందో, అన్నీ ఒకే నమ్మకంతో చెప్పేవాడు. కుర్చీలో కూర్చున్నవాడు మెడ తిప్పడానికి లేదు కాబట్టి వినేవాళ్ళకి ఎప్పుడూ కొరత రాలేదు.

ఒక మధ్యాహ్నం బేరం లేని వేళ, ఆయన గోడ దగ్గర నిలబడి బ్రష్షులు కడుక్కుంటుంటే, సిమెంటు బస్తాల లారీ ఒకటి తిన్నగా సెలూన్‌లోకి వచ్చేసింది. అద్దాలు పగిలాయి. కుర్చీ నుజ్జయింది. ఆయన కుడికాలిని గోడకి అదిమిపట్టి లారీ ఆగింది.

అంబులెన్సు వచ్చేలోపే ప్రమాదానికి కారణం ఏమిటో వీధి తేల్చేసింది. మలుపు మంచిది కాదన్నారు కొందరు. డ్రైవరు తాగుంటాడన్నారు కొందరు. తాగినవాడు అంత సూటిగా ఎలా వస్తాడని ఒక పెద్దమనిషి వాదించాడు. చివరికి, రోడ్డుకి అంత దగ్గరగా సెలూన్ పెట్టుకోవడమే తప్పని ఎక్కువమంది ఒప్పుకున్నారు. నిజానికి సెలూన్ పెట్టినచోటే ఉంది. రోడ్డే ఏటా కాస్త కాస్త వెడల్పవుతూ గుమ్మం దాకా వచ్చింది.

ఆసుపత్రిలో కాలికి ఆపరేషన్ చేసి కడ్డీలు వేశారు. కళ్ళు తెరిచి చూస్తే పక్క మంచంలో లారీ డ్రైవరు. రెండు చేతులకీ కట్లు. ఇద్దరిదీ ఒకే ప్రమాదం కాబట్టి పక్కపక్కనే వేశామని నర్సు చెప్పింది, ఏదో బంధువుల్ని కలిపినట్టు. రేడియో మొహం అటు తిప్పేసుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన భార్యకి అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అందుకే.

ముందుగా లారీ కంపెనీ మేనేజరు పరామర్శకి వచ్చాడు. వస్తూనే డ్రైవర్ని అడిగాడు.

"బంపరేనా పోయింది, ఇంజను కూడానా?"

తర్వాత రేడియో వైపు తిరిగాడు. "అదృష్టవంతులండీ. చిన్న దెబ్బతో బయటపడ్డారు."

"కాలు మూడు ముక్కలైంది సార్," అంది భార్య.

"మూడే కదమ్మా!" అన్నాడాయన ధైర్యం చెబుతూ. బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు. "ఇది మా కంపెనీ సానుభూతి. ఇక్కడ ఒక సంతకం పెడితే సరిపోతుంది."

ఆమె నిలబడే మొత్తం చదివింది. సెలూన్ రోడ్డు మీదకి పొడుచుకొచ్చి ఉందనీ, ఇకమీదట కంపెనీని ఏమీ అడగమనీ అందులో ఉంది.

"సానుభూతి చాలా బాగుందండీ. సంతకం కూడా మీరే పెట్టుకోండి," అని తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు ఆమె తమ్ముడు ఒక లాయర్ని వెంటబెట్టుకొచ్చాడు. లాయరు బూట్లు తళతళలాడుతున్నాయి. ఆయన వార్డులో మంచం మంచానికీ తన కార్డు పంచుకుంటూ వచ్చాడు.

"మిమ్మల్నెవరు గుద్దారు?" అని ఒక రోగిని అడిగాడు.

"ఎవరూ గుద్దలేదండీ. కడుపులో గడ్డ."

"కంగారేం లేదు, ఆలోచించుకుని చెప్పండి."

రేడియో మంచం దగ్గరికొచ్చి, పరిహారం వచ్చినదాంట్లో సగం తనకిస్తే చాలన్నాడు.

"కోర్టులో బాగా వాదిస్తారా అండీ?" అని అడిగింది భార్య.

"అసలు కోర్టు దాకా వెళ్ళనిస్తానా అమ్మా నేను!"

కాసేపటికి ఆమె మందులకని బయటికి వెళ్తే, వరండాలో ఆ లాయరూ కంపెనీ మేనేజరూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుకుంటూ కనిపించారు. ఆమె వెనక్కొచ్చి తమ్ముడితో ఒకటే మాట అంది. "నువ్వు ఇంటికెళ్ళి పడుకోరా నాయనా."

ఆమె ఇంట్లో కుట్టుపని చేసేది. కోర్టుకెళ్ళే ఒక పెద్దావిడ నల్లకోట్లు ఆమె దగ్గరే బాగుచేయించుకునేది. ఆవిడ్ని అందరూ వకీలమ్మ అంటారు. కబురు పెట్టగానే ఆవిడ వార్డుకి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది.

"లారీ ఇప్పుడెక్కడుంది?"

రేడియోకి ఒళ్ళు మండింది. "వచ్చిన ప్రతివాళ్ళూ లారీ క్షేమమే అడుగుతారేంటమ్మా? కాలు నాది!"

"మీ కాలు ఎక్కడికీ పోదు బాబూ, లారీయే పోతుంది. తీసుకెళ్ళి బ్రేకులు కొత్తవి వేయించేశారనుకోండి, పాతవి ఎలా ఉండేవో ఎవరు చెబుతారు?"

ఆవిడ ఆ వారమే కోర్టుకి వెళ్ళి, తనిఖీ అయ్యేదాకా లారీ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఉత్తర్వు తెచ్చింది. అప్పటికే కంపెనీ మెకానిక్కులు ఇద్దరు పోలీసు స్టేషన్ ఆవరణలో లారీ కింద దూరి ఉన్నారట. టైరు మర్చిపోయామని చెప్పి వెళ్ళిపోయారు.

వార్డులో డ్రైవరు గడ్డం పెరిగిపోతోంది. చేతులు కదలవు. గోక్కోవడానికి గడ్డాన్ని దిండుకి రుద్దుకునేవాడు. రేడియో ఎంత అటు తిరిగి పడుకున్నా ఆ గరగర వినిపిస్తూనే ఉండేది. చివరికి ఉండబట్టలేక భార్యతో అన్నాడు.

"నా పెట్టె తీసుకురావే. ఆ గడ్డం చూస్తుంటే కాలికన్నా అదే ఎక్కువ నొప్పి పెడుతోంది."

తన చక్రాల కుర్చీని డ్రైవరు మంచం పక్కకి జరిపించుకుని, నురగ పట్టించి, కత్తి తీశాడు. గొంతు మీద చల్లగా తగలగానే డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"కోపం తీర్చుకోవాలనుంటే ఇప్పుడే తీర్చుకో అన్నా."

"మాట్లాడకు, తెగుతుంది."

అయినా డ్రైవరు మాట్లాడాడు. ప్రమాదానికి ముందు రెండు రాత్రులు నిద్రలేదన్నాడు. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని మేనేజరుకి చెబితే, ఈ ట్రిప్పు కానివ్వు తర్వాత చూద్దామన్నాడట. పైగా ఉండాల్సినదానికన్నా ఎక్కువ బస్తాలు ఎక్కించాడట.

"మలుపులో ఉన్న బలమంతా పెట్టి తొక్కానన్నా. పెడలు అడుగుకి తగిలింది, బండి మాత్రం ఆగలేదు. ఇప్పుడేమో నిద్రపోయానని చెప్పమంటున్నాడు. అలా చెబితే ఉద్యోగం ఉంచుతాడంట."

"మరి నిద్రపోయావా?"

"మలుపు దగ్గర కాదు. అంతకుముందు ఒకసారి కళ్ళు మూతపడ్డాయి. నీ దగ్గర దాచను."

రేడియో కత్తి తుడుచుకున్నాడు. ఆ కళ్ళు మూతపడ్డ మాట దగ్గర ఆయనకి కోపం వచ్చింది. ఇతనికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుంటారు కదా అనీ అనిపించింది. 

"ఇదే మాట కోర్టులో చెబుతావా?"

డ్రైవరు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. రేడియో రెండో బుగ్గ కూడా నున్నగా గీసి, మొహం తుడిచి వదిలిపెట్టాడు.

కేసు నడిచింది అనడం కన్నా కూర్చుంది అనడం సబబు. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి కంపెనీ లాయరుకి గొంతునొప్పి. ఎట్టకేలకి లారీకి బీమా చేసిన కంపెనీ లాయరు రేడియోని బోనెక్కించాడు.

"ప్రమాదం జరిగినప్పుడు సెలూన్‌లో ఎందుకున్నారు?"

"సెలూన్ నాదండీ."

"లారీ శబ్దం వినబడలేదా?"

"వినబడింది. రోడ్డు మీద పోతుందనుకున్నాను."

"నోట్ చేసుకోవాలి యువరానర్, నిర్లక్ష్యం!" అన్నాడాయన. సెలూన్ అద్దాల మెరుపుకే డ్రైవరు కళ్ళు చెదిరాయని కూడా అన్నాడు. వకీలమ్మ లేచి, అద్దాలున్నవి ఎండ తగలని లోపలి గోడకని మాత్రం చెప్పి కూర్చుంది.

తనిఖీ చేసిన అధికారి వచ్చి, వెనక చక్రాల బ్రేకులు ఇనుము తేలేదాకా అరిగిపోయాయనీ, లోడు పరిమితికి మించి ఉందనీ చెప్పాడు. దాంతో కంపెనీ మాట మార్చింది. అలాంటి బండిని నడపడం డ్రైవరు తప్పేనంది. అప్పుడు వకీలమ్మ డ్రైవర్ని పిలిపించింది. వస్తాడో రాడోనని రేడియో కర్ర పట్టుకుని గుమ్మం వైపే చూశాడు. వచ్చాడు. ఎదురుగా మేనేజరు కూర్చున్నాడు. డ్రైవరు ఆయన వైపు చూడకుండా అన్నీ చెప్పాడు, కళ్ళు మూతపడ్డ సంగతితో సహా.

"బండి తియ్యనని ఎందుకు అనలేదు?" అని జడ్జిగారు అడిగారు.

"అన్నవాళ్ళున్నారండీ. వాళ్ళ లారీలు ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు."

తీర్పు రేడియో పక్షానే వచ్చింది. కంపెనీ పైకోర్టుకి వెళ్ళింది, అక్కడా ఓడింది, ఆ తర్వాతే పరిహారం చేతికొచ్చింది. ఉద్యోగం పోయిన డ్రైవరు తరఫున కూడా వకీలమ్మ వేరే కేసు వేసింది. అది ఇంకా కూర్చునే ఉంది. కంపెనీ గేటుకి "భద్రతే మా ఊపిరి" అని పెద్ద బోర్డు పెట్టింది. కొత్తగా భద్రతా విభాగం తెరిచి, అనుభవం ఉన్న మనిషి కావాలని అదే మేనేజర్ని దానికి పెద్దని చేసింది.

రేడియో ఇప్పుడు లోపలి సందులో సెలూన్ పెట్టుకున్నాడు. ఎక్కువసేపు నిలబడలేడు, చక్రాల స్టూలు మీద కూర్చుని కస్టమరు చుట్టూ తిరుగుతాడు. దూరంగా పెద్దరోడ్డు మీద లారీ గేరు మార్చిన చప్పుడు వినిపిస్తే కత్తెర ఆగిపోతుంది. మొన్న ఒకాయన విసుక్కున్నాడు.

"ఇంత సందులోకి లారీ ఎలా వస్తుందయ్యా?"

"రాకూడదని డ్రైవరుకి తెలిస్తే చాలదు సార్, బ్రేకుకి కూడా తెలియాలి," అన్నాడు రేడియో. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, ఆయన తల కొంచెం పక్కకి వంచి, చెవి వెనక కత్తిరించడం మొదలుపెట్టాడు.