వదిన కౌంటర్‌లో ఒక్క బటన్

తల్లి లేని ఇంటికి కోడలిగా వచ్చి, చిన్న మరిదిని కన్నకొడుకులా పెంచింది వదిన. ఇప్పుడామె ఒక ఆసుపత్రిలో, రోగుల్ని చేర్చుకునే కౌంటర్‌లో పనిచేస్తోంది. అక్కడి సాఫ్ట్‌వేర్ రాసిన చిన్న కంపెనీలోనే మరిది ప్రోగ్రామర్.

ఆ ఏడు వదినకు జ్వరం మెదడుకెక్కింది. చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. కోలుకుని మళ్లీ పనిలో చేరింది గానీ, దేని తర్వాత ఏది చేయాలో మాత్రం గుర్తుండేది కాదు.

ఒకరోజు ప్రింటర్ చూడ్డానికి వెళ్లిన మరిది కంట్లో అది పడనే పడింది. ఒక రోగిని చేర్చుకోవాలంటే ఐదు తెరలు తిరగాలి. పేరు నమోదు, మంచం, డాక్టరు, పరీక్షలు, భోజనం. వరుస తప్పితే కంప్యూటర్ ఎర్రక్షరాలతో విరుచుకుపడుతుంది. వదిన రోగి పేరు రాయకుండానే మంచం ఇవ్వబోయింది. వరుసలో ఎవరో విసుక్కున్నారు. "ఒక్క నిమిషం బాబూ," అని ఆమె నవ్వింది. మళ్లీ మొదటి తెర తెరిచింది.

"మీ అన్నయ్యతో అనకురా," అంది తర్వాత మెల్లగా. "మానెయ్యమంటారు. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

మర్నాడు మరిది ఆఫీసులో ఆ తెరల వెనకున్న ఐదు ప్రోగ్రాములనూ విప్పి ఒక్కటిగా తిరగరాస్తానన్నాడు. టీమ్ లీడర్, అతనికంటే బాగా పెద్దావిడ, వినగానే అడ్డుపడింది.

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెడతామా? లోపలివాటిని ముట్టుకోకు. ల్యాబ్‌వాళ్లు, వంటగదివాళ్లు వాటితో నేరుగా పని చేసుకుంటున్నారు. చదువుకున్నావుగా, ఫసాడ్ అని, ఇంటికి ముందు వాకిలిలాంటిది! వాటి ముందు ఒక చిన్న ప్రోగ్రాం ముక్క, ఒక క్లాస్ పెట్టు. కౌంటర్ దాన్ని 'చేర్చుకో' అని అడిగితే చాలు. ఆ ఐదింట్లో దేన్ని ముందు పిలవాలో, దేన్ని తర్వాత పిలవాలో అదే చూసుకుంటుంది."

అతను అలాగే రాశాడు. లోపల ఐదూ ఎప్పటిలాగే ఉన్నాయి. కౌంటర్లన్నిటికీ ఒకే తెర, దాని అడుగున ఒకే బటన్.

"ఇది నా కోసమే చేశావు కదూ?" అని అడిగింది వదిన.

"అన్ని కౌంటర్లకీ పెట్టాం వదినా."

"అబద్ధమాడితే చెవి గోక్కుంటావు. చిన్నప్పట్నుంచీ అంతే."

అతను చప్పున చెయ్యి దించాడు. "నిజంగా అందరికీ పెట్టాం. కాకపోతే, రాస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు."

ఆమె చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

వరుస గురించిన బెంగ తీరాక వదిన తెర మీంచి తలెత్తి మనుషుల ముఖాలు చూడసాగింది. భయపడ్డవాళ్లతో నాలుగు మాటలాడేది.

కొన్నాళ్లకు మంచాలు కేటాయించే పాత ప్రోగ్రాం తీసేసి పూర్తిగా కొత్తది పెట్టారు. మరిది తన క్లాస్‌లో ఆ ఒక్కచోట మార్చి, గుండె చిక్కబట్టుకుని వదిన వెనకాల నిలబడ్డాడు. ఆమె ఒక ముసలావిడను కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి, వివరాలు రాసి, బటన్ నొక్కింది. మంచం దొరికింది. మారిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

"ఏమిట్రా, స్తంభంలా నిలబడ్డావు? ఏదైనా పాడైందా?"

"లేదు వదినా. అంతా బాగుంది."

"మరి ముఖం అలా పీక్కుపోయిందేం? పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

లేదన్నట్టు తలూపాడు. వదిన తన టిఫిన్ డబ్బా అతని చేతిలో పెట్టి, వరుసలో తర్వాతి మనిషిని పిలిచింది.